తీగ కొనే ముందు దాని పట్టు చూడండి

మల్కాజిగిరిలో ఉన్నప్పుడు మొదటిసారి బీర పాదు పెట్టి, దానికోసమని మూడంగుళాల పీవీసీ పైపులతో మిద్దె మీద పెళ్లిపందిరంత పందిరి వేయించాను. తీగ పైపు దాకా వచ్చింది, నులితీగ చాచింది, నున్నటి పైపు మీద పట్టు దొరక్క జారింది, ఇంకోటి చాచింది, అదీ జారింది, చివరికి పక్కకు తిరిగి బట్టల దండెం పట్టుకుని మా అమ్మ ఆరేసిన చీరల మీదుగా హాయిగా పాకిపోయింది. అమ్మ వచ్చి చూసి ఒకే మాట అంది: "దాని చేతులు గింతంత, నువ్వు స్తంభం ఇస్తే ఎట్ల పట్టుకుంటది బిడ్డా?"

అందుకే నన్ను ఎవరైనా "బాల్కనీకి ఏ తీగ బాగుంటుంది" అని అడిగితే ముందు పూల రంగు గురించి చెప్పను. అది ఎలా పైకెక్కుతుందో తెలుసా అని అడుగుతాను. పందిరి, తాడు, కుండీ, కత్తిరింపు అన్నీ దాన్నిబట్టే ఉంటాయి. నర్సరీకి వెళ్లి పువ్వు చూసి మనసు పారేసుకుని మొక్క తెచ్చుకుంటాం, తర్వాత దానికి ఊత ఏం పెట్టాలో తెలియక కిటికీ గ్రిల్‌కి కట్టేస్తాం. ఆ పని తలకిందులుగా చేద్దాం.

ముందుగా: అది ఎలా ఎక్కుతుందో చూడండి

తీగలన్నీ ఒకేలా ఎక్కవు. నర్సరీలో మొక్క దగ్గర ఒక్క నిమిషం వంగి చూస్తే తెలిసిపోతుంది.

కాండమే ఊతను చుట్టుకుంటూ పోయేవి ఒక రకం. చిక్కుడు, శంఖుపుష్పం, కాశీరత్నం, తీగ బచ్చలి, తిప్పతీగ. వీటికి వేరే చేతులంటూ ఉండవు, ఒళ్లంతా చెయ్యే. లేత కొన గాల్లో మెల్లగా గుండ్రంగా తిరుగుతూ ఏది తగిలితే దాన్ని చుట్టేస్తుంది. డార్విన్ ఆరోగ్యం బాగాలేక గదిలో ఉన్న రోజుల్లో ఈ తిరుగుడు చూస్తూ కూర్చుని, ఎక్కే మొక్కల మీద 1865లో పెద్ద వ్యాసమే రాశాడు. వేడి రోజుల్లో హాప్ తీగ (బీరు తయారీలో దీని పూలు వాడతారు) కొన సుమారు 2 గంటల 8 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతుందని లెక్క కట్టాడు. మీకు నమ్మకం లేకపోతే చిక్కుడు కొన ఎటు చూస్తోందో పొద్దున కాఫీ తాగుతూ ఒకసారి, టిఫిన్ అయ్యాక ఒకసారి చూడండి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. తీగ జారిపోయిందని దాన్ని మనమే తాడుకు చుట్టేస్తాం, అదీ వ్యతిరేక దిక్కులో. మర్నాటికి అది విప్పుకుని వేలాడుతూ ఉంటుంది. చుట్టుకునే తీగల్లో ఎక్కువ భాగం, మన చిక్కుడుతో సహా, పైనుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురు దిక్కులో తిరుగుతాయి. ఏ తీగ అయినా అప్పటికే ఎటు తిరిగిందో చూసి అటే చుట్టండి, దాంతో వాదం పెట్టుకోకండి.

రెండో రకం నులితీగలతో పట్టుకునేవి. బీర, కాకర, సొర, పొట్ల, దొండ, ద్రాక్ష, కృష్ణకమలం, గార్లిక్ వైన్. దారం లాంటి ఆ నులితీగ ఏదైనా తగలగానే కొనతో పట్టేస్తుంది, పట్టు దొరికాక మిగతా భాగం స్ప్రింగులా చుట్టలు తిరిగి మొక్కను పైకి లాక్కుంటుంది. దాన్ని దగ్గరగా చూడండి, చుట్టలు మధ్య దాకా ఒక వైపు తిరిగి, అక్కడ చిన్న ముక్క తిన్నగా ఉండి, తర్వాత రెండో వైపు తిరుగుతాయి. రెండు కొసలూ బిగిసి ఉన్న తాడును మెలిపెడితే మరో దారి లేదు కదా, సగం ఇటు, సగం అటు. జూన్ గాలిదుమారంలో కాకర తీగ తెగకుండా ఊగేది ఈ స్ప్రింగుల వల్లే. అయితే వీటికి సన్నటి ఊత కావాలి, పెన్సిల్ కన్నా లావైతే పట్టు చిక్కడం కష్టం. నా మూడంగుళాల పైపు కథ అందుకే అలా ముగిసింది.

కాండం నుంచి వేళ్లు వేసి గోడనో చెట్టునో అంటుకునేవి మూడో రకం. మనీప్లాంట్, తమలపాకు, మిరియాల తీగ, కాంపౌండ్ గోడల మీద పచ్చటి రంగు పూసినట్టు పాకే క్రీపింగ్ ఫిగ్. వీటికి తాడు దండగ, తేమ పట్టి ఉంచే గరుకు ఉపరితలం కావాలి.

నాలుగోవి నిజానికి తీగలమని చెప్పుకునే పొదలు. బోగన్‌విలియా అనే మన కాగితం పూలు, తీగ గులాబీ, రాధామనోహరం. పొడుగు కొమ్మలు విసిరి, ముళ్లతోనో కొక్కేల్లాంటి పాత ఆకు కాడలతోనో పక్క చెట్టుకు తగులుకుంటాయి. జాజి, సన్నజాజి కూడా కొంచెం చుట్టుకుని కొంచెం వాలే రకాలే. వీటిని మనమే కట్టాలి. కట్టకపోతే అవి ఎక్కవు, పక్కింటి వైపు వాలతాయి.

తర్వాత: చోటు చూడండి

ఎండ ఎన్ని గంటలు పడుతుందో ఊహించకండి. ఒక ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా గంటకోసారి వెళ్లి చూసి రాసుకోండి. కూరగాయ తీగలకు, బోగన్‌విలియాకు కనీసం 5, 6 గంటల నేరుటెండ కావాలి. శంఖుపుష్పం 4 గంటలతో సర్దుకుంటుంది. తూర్పు బాల్కనీలో మూడు గంటలే వస్తే మనీప్లాంట్, తమలపాకు వైపు వెళ్లండి. అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుకు సందులో సూర్యుడు పది నిమిషాలు కనిపించి పోయే చోట బోగన్‌విలియా పెట్టి పూయలేదని తిట్టడంలో అర్థం లేదు.

హైదరాబాద్ సముద్రానికి సుమారు 540 మీటర్ల ఎత్తున, బండరాళ్ల మీద కూర్చున్న ఊరు. వాన ఏడాదికి 800 మిల్లీమీటర్ల చుట్టూ, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడిపోతుంది. కోస్తాలో చుట్టాలింట్లో చూసిన తమలపాకు తీగ ఇక్కడ మే నెలలో ఆకులు మాడ్చుకుని కూర్చుంటే అది మీ తప్పు కాదు, గాల్లో తేమ లేదంతే. పడమటి గోడకు మాత్రం ఒక తీగ తప్పకుండా పెట్టండి. మధ్యాహ్నం ఎండ గోడ మీద కాకుండా ఆకుల మీద పడుతుంది, లోపల గదిలో తేడా మీకే తెలుస్తుంది. తీగ పాకే వలను గోడకు ఆనించకుండా ఒక అడుగు ఎడంగా కట్టండి, మధ్యలో గాలి ఆడాలి, మీ చెయ్యీ ఆడాలి.

మిద్దె మీదైతే బరువు. తడిసిన మట్టి లీటరు సుమారు కిలోన్నర తూగుతుంది, అంటే 40 లీటర్ల గ్రో బ్యాగు 60 కిలోలు. స్లాబు నడిమధ్యలో పది బ్యాగులు వరసగా పెట్టకండి, కింద గోడలు, బీములు ఉన్న అంచుల వెంబడి పెట్టండి. పాత ఇల్లైతే ఇంజినీర్ని ఒకసారి అడగండి. కింద వాటర్‌ప్రూఫింగ్ లేకపోతే తీగ కన్నా ముందు సీపేజ్ పాకుతుంది.

ఏ తీగ పెట్టాలి

ఇక్కడ నా ఇష్టాయిష్టాలు దాచుకోను.

మొదటిసారి పెట్టేవాళ్లకు శంఖుపుష్పం. కొంతమంది దింటెన పూలు అంటారు. రాత్రి నానబెట్టిన గింజ వారంలోపు మొలుస్తుంది, రెండు నెలల్లోపు నీలం పూలు. చిక్కుడు జాతిదే కాబట్టి వేళ్ల బొడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది, ఎరువు పెద్దగా అడగదు. పూలు వేడినీళ్లలో వేస్తే నీలం, నిమ్మకాయ పిండితే ఊదా రంగు, పిల్లలకు ఇంతకన్నా మంచి ఆట దొరకదు. నీలమే కాదు, తెలుపు కూడా ఉంది, ముద్దపూల రకమూ ఉంది, పక్కింటివాళ్ల దగ్గర కాయ ఎండాక అడిగి తెచ్చుకుంటే చాలు, కొనే పని లేదు.

గేటు మీద ఆర్చికి రాధామనోహరం. దీన్ని చూసి మురిసిపోని మనిషిని నేను చూడలేదు. సాయంత్రం విచ్చుకునేటప్పుడు తెలుపు, మర్నాడు గులాబీ, ఆ మర్నాడు ఎరుపు, ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపిస్తాయి. రాత్రి తెల్లపువ్వు వాసనకు పొడుగు తొండం ఉన్న పెద్ద రెక్కల పురుగులు వస్తాయి, పగలు రంగు పూలకు తేనెటీగలు, సీతాకోకచిలుకలు. ఒక్క పువ్వు రెండు షిఫ్టులు నడిపిస్తుందన్నమాట. కానీ ఇది నేలలో పెట్టాల్సిన మొక్క. నేను మూడో అంతస్తు బాల్కనీలో కుండీలో పెట్టాను. మొదటి ఏడాది ముద్దుగానే ఉంది. రెండో ఏడాది పైఫ్లాటు వాళ్ల ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌లోకి దూరింది, వాళ్లు ఊరినుంచి వచ్చి ఏసీ వేసేసరికి పెద్ద చప్పుడు, తర్వాత నాకు పెద్ద బిల్లు. ఇప్పటికీ లిఫ్టులో కలిస్తే "మీ మనోహరం ఎలా ఉందండీ" అని అడుగుతారు.

బోగన్‌విలియా ఎండకు పుట్టిన మొక్క, సైనిక్‌పురి వైపు పాత ఇళ్ల గేట్ల మీద చూసే ఉంటారు. రంగురంగులుగా కనిపించేవి పూరేకులు కావు, రంగు మారిన ఆకులు. అసలు పువ్వు మధ్యలో తెల్లగా, గుండుసూది తలంత. దీని రహస్యం ఒకటే, నీళ్లు తక్కువ పోయడం. మట్టి పూర్తిగా ఎండి, ఆకు కాస్త వాడబోతుందనగా పోయండి. రోజూ ప్రేమగా నీళ్లు పోస్తే ఆకులు దట్టంగా వేసి, ఒక్క పువ్వు కూడా ఇవ్వదు.

వాసన కావాలంటే జాజి. వినాయక చవితి ఇరవై ఒక్క పత్రుల్లో జాజి ఆకు కూడా ఉంది కాబట్టి ముందురోజు సాయంత్రం వీధిలో మీ పలుకుబడి పెరుగుతుంది. గార్లిక్ వైన్ పూసినప్పుడు ఊదా రంగు గుత్తులతో కళ్లు తిప్పుకోలేం, ఆకు నలిపితే మాత్రం వెల్లుల్లి వాసనే. కృష్ణకమలం పెడితే చుట్టూ ఉన్న పోగులు నూరుగురు కౌరవులని, మధ్యలో ఐదు పాండవులని, పైన మూడు త్రిమూర్తులని వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పాల్సి ఉంటుంది, సిద్ధపడి పెట్టండి. తలుపు పక్కన నీడకు మనీప్లాంట్. దీన్ని అందరూ కిందికి వేలాడదీస్తారు, అందుకే ఆకులు చిన్నవవుతూ వస్తాయి. పైకి ఎక్కనిస్తే ఆకు పెద్దదవుతుంది. పాత ఇళ్ల కొబ్బరిచెట్ల మీద చేటంత ఆకులతో, అంచులు చీలికలై కనిపించే తీగ ఏదో కొత్త మొక్క అనుకుంటారు, అది మీ బాత్రూమ్ కిటికీలో సీసాలో ఉన్న మనీప్లాంటే.

వద్దనేవి రెండు. రంగు వేసిన గోడకు క్రీపింగ్ ఫిగ్ వద్దు, పీకితే రంగుతో పాటు ప్లాస్టరు పెచ్చులు కూడా వస్తాయి. గులాబీ రంగు గుత్తులతో ఖాళీ స్థలాల్లో తుప్పలను కప్పేసే కోరల్ వైన్ కూడా వద్దు. అందంగానే ఉంటుంది, కాదనను, కానీ నేలలో దుంప ఊరి, తవ్వినా మళ్లీ లేస్తుంది. ద్రాక్ష పెట్టాలని అడిగేవాళ్లు కూడా ఉన్నారు. ఒకప్పుడు ఊరి చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష తోటలు ఉండేవి కాబట్టి వాతావరణం అడ్డం కాదు, కత్తిరింపుల శాస్త్రం నేర్చుకునే ఓపిక ఉంటేనే దిగండి.

పందిరి, తాళ్లు

ఇనుప సామాను కోసం రాణిగంజ్, తాళ్లు, సుతిలి (జనపనార పురికొస) కోసం బేగంబజార్. ఒక్క ట్రిప్పులో అయిపోతుంది, కాకపోతే ఆదివారం కాకుండా వెళ్లండి.

మిద్దె మీద స్లాబుకు రంధ్రాలు చేయకండి. 20 లీటర్ల పెయింట్ డబ్బాల్లో అంగుళంన్నర ఇనుప పైపులు నిలబెట్టి కాంక్రీటు పోయండి, వారం తడిపాక అవే స్తంభాలు. నాలుగు మూలలా నాలుగు, పైన అడ్డంగా పైపులు, వాటి మధ్య అరచేతి వెడల్పుకో జీఐ వైరు (జింకు పూత వేసిన ఇనుప తీగ) లాగండి. ఎత్తు ఆరున్నర, ఏడు అడుగులు. అంతకన్నా తక్కువైతే సొరకాయ నుదుటికి తగులుతుంది, ఎక్కువైతే కోయడానికి స్టూలు కావాలి. పైపుల్ని పిట్టగోడకు కూడా కట్టండి, ఏప్రిల్, మే సాయంత్రాల ఈదురుగాలికి ఆకులు నిండిన పందిరి తెరచాపలా లేస్తుంది.

పైపు నుంచి కుండీ దాకా సుతిలి వేలాడదీయండి. నైలాన్ వల కొంటే కన్ను కనీసం అయిదారు అంగుళాలు ఉండాలి. చిన్న కన్ను వలలో బీరకాయ ఇరుక్కుని నడుము నొక్కుకుపోయి పెరుగుతుంది, కాపు అయ్యాక ఎండు తీగను వల నుంచి విడదీయడం ఒక రోజు పని. నాకైతే కూరగాయలకు సుతిలే నచ్చుతుంది. ఒక సీజను ఆగుతుంది, తర్వాత తీగతో సహా కోసి కంపోస్టులో పడేయొచ్చు. జాజి, రాధామనోహరం లాంటి పదేళ్ల తీగలకు మాత్రం ఇనుమే. పీవీసీ ఇప్పటికే ఉందనుకోండి, పారేయకండి, దానికి కొబ్బరి తాడు చుట్టండి, అప్పుడు చిక్కుడైనా ఎక్కుతుంది.

మనీప్లాంటు, తమలపాకులకు ఒక పైపు చుట్టూ కొబ్బరి పీచు మందంగా పెట్టి దారంతో బిగించి, దాన్ని రోజూ తడుపుతూ ఉండండి. వేళ్లు పట్టేది ఆ తడికే. తోటల్లో తమలపాకును అవిసె చెట్ల మీదికి పాకిస్తారు, చోటుంటే మీరూ అదే చేయండి, అవిసె పూలు కూరకు కూడా పనికొస్తాయి.

మట్టి, విత్తనం, కాలం

ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువో వర్మీకంపోస్టో ఒక పాలు, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఒక పాలు, బ్యాగుకు రెండు పిడికిళ్ల వేపపిండి. పచ్చి పేడ వద్దు. కూరగాయ తీగకు 20 లీటర్లు తక్కువలో తక్కువ, సొరకు 40 అయితే మంచిది. ఒక బ్యాగుకు ఒక మొక్క, మహా అయితే రెండు. గింజలు పారేయడానికి మనసొప్పక అయిదు మొలకల్నీ ఉంచేస్తాం చూడండి, అవి అయిదూ కలిసి ఒక్క మొక్కంత కాపు కూడా ఇవ్వవు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, అప్పుడు గింజ పెట్టకండి. మృగశిర వచ్చి రెండు వానలు పడ్డాక, జూన్ మధ్య నుంచి జూలై లోపు బీర, కాకర, సొర, పొట్ల, చిక్కుడు పెట్టండి. వేసవి కాపు కావాలంటే మళ్లీ జనవరి చివర. కాకర గింజ పెంకు గట్టిది, కొన దగ్గర గోళ్లు తీసే కట్టర్‌తో చిన్నగా నొక్కి రాత్రంతా నానబెడితే త్వరగా మొలుస్తుంది.

చిక్కుడు గురించి ఒక మాట. జూన్‌లో పెట్టిన పందిరి చిక్కుడు ఆగస్టు దాటినా పూయడం లేదని టెన్షన్ పడి డీఏపీలు, యూరియాలు వేస్తారు. నాటు చిక్కుడు పగలు తగ్గితేనే పూస్తుంది. దసరా దాటనివ్వండి, సంక్రాంతికి తెంపలేక పక్కవాళ్లకు పంచుతారు.

దొండ గింజతో వద్దు. ఆడ మొక్క, మగ మొక్క వేరువేరు, మగదానికి కాయ రాదు. కాయలు కాస్తున్న తీగ నుంచే పెన్సిల్ లావు కొమ్మ, మూడు నాలుగు కణుపులతో తీసుకుని వానాకాలంలో గుచ్చండి. బోగన్‌విలియా, జాజి, తిప్పతీగ కూడా కొమ్మతోనే వస్తాయి. కొమ్మ తలకిందులుగా గుచ్చకండి, నవ్వకండి, నేను గుచ్చాను. మొక్కలు కొనాలంటే నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజాలో నర్సరీ మేళా పెట్టినప్పుడు వెళ్తే రకాలన్నీ ఒక్కచోట దొరుకుతాయి. నర్సరీల ఊరు కడియం నుంచి వచ్చిన మొక్కల్ని తెచ్చిన రోజే పెద్ద కుండీలోకి మార్చకండి, వారం నీడలో ఉంచి ఇక్కడి పొడిగాలికి అలవాటు పడనివ్వండి.

పాకించడం, కొన తుంచడం

మొదటి అడుగున్నర తీగను మనమే తాడు దగ్గరికి తీసుకెళ్లాలి. కట్టడానికి పాత కాటన్ చీర పీలికలు వాడండి, బైండింగ్ వైరు వాడితే కాండం లావెక్కేకొద్దీ కోసేస్తుంది. ముడి 8 అంకెలా వేయండి, ఒక చుట్టు ఊతకు, ఒక చుట్టు తీగకు, వదులుగా.

తీగ నిటారుగా ఎక్కుతున్నంతసేపు బలమంతా కొనకే పోతుంది, పక్క మొగ్గలు నిద్రపోతుంటాయి. దాన్ని అడ్డంగా వంచి కట్టండి, లేదా కొన తుంచండి. ప్రతి కణుపు నుంచీ కొమ్మ లేస్తుంది. గోడ కింది సగం బోడిగా, పైన మాత్రం గుబురుగా ఉన్న జాజి తీగలన్నీ చిన్నప్పుడు వంచనివే. బీర, సొరలకు ఏడెనిమిది ఆకులు వచ్చాక కొన తుంచితే పక్క కొమ్మలు వస్తాయి, ఆడపూలు ఎక్కువగా ఆ కొమ్మల మీదే.

పూలు వస్తున్నాయి, కాయ నిలవడం లేదు అనేది అందరి ఫిర్యాదు. మొదట వచ్చేవి మగపూలే, పది పదిహేను రోజులు ఆగండి. వెనక వేలంత పిందె ఉంటే ఆడపువ్వు, ఉత్త కాడ ఉంటే మగది. పిందె పసుపుబారి రాలుతుంటే పుప్పొడి అందలేదని. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, ఆ వేళకు మిద్దె మీదికి వచ్చే పురుగులు తక్కువ. ఆఫీసు నుంచి రాగానే మగపువ్వు కోసి, రేకులు ఒలిచి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. కాకర, దోస, గుమ్మడికి ఈ పని పొద్దున్నే, ఎండ ఎక్కకముందు.

పండు ఈగ కుట్టిన కాయ వంకర తిరిగి, లోపల పురుగులతో కుళ్లుతుంది. అలాంటివి కంపోస్టులో వేయకండి, పాలిథిన్ కవరులో కట్టి రెండు రోజులు ఎండలో పడేయండి. మిగతా పిందెలకు కాగితపు సంచి తొడగండి. నగరం శివార్లలో ఉంటే కోతులకు కాగితం లెక్క కాదు, దానికి నా దగ్గర మందు లేదు. ఇంకో సంగతి, సొరకాయ కోసినప్పుడు చిన్న ముక్క నాలిక మీద పెట్టి చూడండి, చేదుగా ఉంటే మొత్తం పారేయండి. ఆ చేదు కడుపులో పడితే ఆసుపత్రి దాకా వెళ్లాల్సి రావచ్చు, జ్యూస్ తాగే అలవాటున్నవాళ్లు మరీ జాగ్రత్త.

కత్తిరింపు

జాజిని, మల్లెను డిసెంబరు, జనవరిల్లో ధైర్యంగా కత్తిరించండి. చూస్తే పాపం అనిపిస్తుంది, వేసవి పూలు ఆ కొత్త చిగుళ్ల మీదే. రాధామనోహరం కూడా కొత్త కొమ్మల మీదే పూస్తుంది, చలికాలంలో సగానికి సగం తీసేసినా ఏమీ కాదు. బోగన్‌విలియా ఒక విడత పూసి రాలాక. మే నెలలో ఏదీ కత్తిరించకండి, మొదళ్లలో ఎండుటాకులు నాలుగంగుళాలు పరిచి, పొద్దున, సాయంత్రం నీళ్లు పోసి ఊరుకోండి.

ఒక పూట బయటికి వెళ్లండి

ఇది నర్సరీకి వెళ్లే ముందు చేస్తే ఇంకా మంచిది. కేబీఆర్ పార్కులోనో మీ దగ్గర మిగిలిన ఏదైనా గుట్ట మీదో వానాకాలం చివర నడవండి, ఎవరూ ఊత కట్టని తీగలు ఎలా ఎక్కుతాయో చూడండి. వేపచెట్టు కొమ్మల నుంచి దారాల్లా వేలాడుతుంటే అవి తిప్పతీగ వేళ్లు. కింద కాండం ఎవరైనా కోసేసినా పైన ఉన్న ముక్క చావదు, కొత్త వేరును దారంలా నేల దాకా దించుకుంటుంది. బండల మీద నాలుగు పలకల కాండంతో కనిపించేది నల్లేరు, చూస్తే జెముడులా ఉంటుంది కానీ ద్రాక్ష కుటుంబం, నులితీగలు వెతికితే దొరుకుతాయి. ఎండిన కాయ విచ్చుకుని ఎర్రగా, మూతి నల్లగా కనిపిస్తే గురివింద. కంసాలులు బంగారం తూచిన గింజ, తన కింద నలుపు తనెరుగనిదని సామెత చెప్పుకునే గింజ, కానీ లోపల గట్టి విషం ఉంది. పిల్లల్ని ఏరుకుని నోట్లో పెట్టుకోనివ్వకండి. ఊరి బయట తుప్పల్లో బంగారు నూగుతో చిక్కుడులాంటి కాయ కనిపిస్తే ముట్టుకోకండి, అది దూలగొండి, సాయంత్రం దాకా గోక్కుంటూనే ఉంటారు.

రోడ్డు పక్క కంచెల మీద పసుపు దారాల కుప్పలా ఆకుల్లేని తీగ కనిపిస్తే అది బంగారు తీగ. దానికి ఆకూ అక్కర్లేదు, మట్టీ అక్కర్లేదు, పక్క మొక్కలోకే పీల్చే ముళ్లు దించి బతుకుతుంది. ముచ్చటపడి ఒక్క పోగు కూడా ఇంటికి తేకండి. మీ కంచెకే పడితే పోగులు లాగి లాభం లేదు, అది పట్టిన కొమ్మల్ని కూడా కోసి కాల్చేయాలి.

చివరి పని ఒకటి మర్చిపోతారు. పందిరి మీద బాగున్న బీరకాయను ఒకదాన్ని కోయకుండా వదిలేయండి. అది ముదిరి, గోధుమరంగుకు తిరిగి, తేలికై, ఊపితే లోపల గింజలు గలగలమనే దాకా ఆగండి. అప్పుడు కాయ కొన దగ్గర చిన్న మూత తనంతట తనే ఊడుతుంది, తలకిందులు చేసి దులిపితే నల్లటి గింజలు గుప్పెడు రాలతాయి. పొట్టు ఒలిస్తే మిగిలేది ఒళ్లు రుద్దుకునే పీచు. గింజల్ని నీడలో రెండు రోజులు ఆరబెట్టి, కాస్త బూడిద కలిపి కాగితం పొట్లం కట్టి, పైన పేరు, సంవత్సరం రాయండి. మా అమ్మ పొట్లాలన్నీ పోపుల డబ్బా పక్కన ఉంటాయి, పేర్లు రాయదు, వాసన చూసి చెప్పేస్తుంది. మీరు రాసుకోండి.